కాళ్ళు తుడుచుకో చార్లీ

1923 సెప్టెంబర్ 4, మంగళవారం

ఈ నోటుపుస్తకం మా అమ్మాయి మిలాదా బడి కోసం కొన్నది. గీతలు మరీ దగ్గరగా ఉన్నాయని టీచరమ్మ వద్దందట. మా అత్తగారికి ఏదీ పారెయ్యడం ఇష్టం ఉండదు. తెచ్చి నా ముందు పడేసి, "నీ పీపీ పాటలు రాసుకో నాయనా" అంది. నేను ఊదేది ట్రాంబోన్ అని ఆవిడకి తొమ్మిదేళ్ళుగా తెలుసు. అయినా పీపీ అనే అంటుంది.

దీన్ని ఎవరూ చదవరు కనుక మొదటి పేజీలోనే నిజం రాసేస్తున్నాను. మా అత్తగారంటే నాకు భయం.

సెప్టెంబర్ 6

వావ్లావ్ దగ్గర్నుంచి ఉత్తరం. మిలాదా మేనమామ. నెబ్రాస్కాలో మొక్కజొన్న పండిస్తాడు, పందుల్ని పెంచుతాడు, నాకు సలహాలిస్తాడు. అత్తయ్య సూపు వడ్డిస్తూ ఉత్తరం పైకి చదివింది.

"అమ్మా, పాపను తీసుకుని ఇక్కడికి వచ్చెయ్. తండ్రి రాత్రుళ్ళు డాన్సు హాల్లో, పొద్దున్న మంచం మీద. తల్లి లేని పిల్లను షికాగోలో మూడో అంతస్తులో పెట్టి పెంచడం ఏమిటి? ఇక్కడైతే మా నలుగురు పిల్లలతో కలిసి పెరుగుతుంది."

గరిటె పక్కన పెట్టి రెండోసారి కూడా చదివింది. నాకు చెవుడు లేదు.

"ఏమంటావు?" అంది.

"సూపులో ఉప్పు తక్కువైంది" అన్నాను.

అన్నది అదే. అనాల్సింది వేరే ఉంది. మిలాదాను తీసుకెళ్ళిపోతే ఈ ఇంట్లో నేనూ ట్రాంబోనూ మిగులుతాం. అది నా వల్ల కాదు. కానీ ఆ ఒక్క మాట మొదలుపెడితే దాని వెనకున్నవన్నీ బయటికొస్తాయి. ఉప్పు నయం.

సెప్టెంబర్ 10

ఈ రోజు రిహార్సల్‌లో ఒక తమాషా జరిగింది.

వంటింటి సింకు అడ్డుపడినప్పుడు కొట్టే రబ్బరు గిన్నె ఉంది కదా, దాని కర్ర పీకేసి సంచిలో వేసుకెళ్ళాను. ట్రాంబోన్ మూతి మీద దాన్ని మూస్తూ తెరుస్తూ ఊదితే అచ్చం మనిషి మాట్లాడినట్టు ఉంటుంది. దక్షిణాది నుంచి వచ్చిన నల్లవాళ్ళు సౌత్ సైడ్ హాళ్ళలో ఇలా ఊది జనాన్ని ఏడిపిస్తారు, నవ్విస్తారు. వెనక బల్ల మీద కూర్చుని ఎన్నో వారాలు విన్నాను. వాళ్ళ ముందు నేనెంత. అయినా ఇంట్లో రబ్బరు ఉంది, నోట్లో ఊపిరి ఉంది.

ఏం ఊదాలో ఆలోచించలేదు. చేతికి వచ్చింది ఊదేశాను. అత్తయ్య పిలుపు. మా వెనక వరండా మీద నిలబడి, మూడో అంతస్తు నుంచి కింద సందులోకి, నేను వచ్చే వేళకి ఆవిడ అరిచే అరుపు. "బోహుమిల్! కాళ్ళు తుడుచుకో!" ఐదేళ్ళుగా రోజూ వింటున్నాను. సందులో పద్నాలుగు కుటుంబాలు కూడా వింటున్నాయి.

మాట లేదు, రాగం ఒక్కటే. అయినా డ్రమ్ము వాడు పీట మీద నుంచి పడ్డాడు. ఫెన్‌విక్ మా బ్యాండు పెద్ద, పియానో వాయిస్తాడు, నవ్వడం అతని పద్ధతి కాదు. అతను కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎవరు బో ఆవిడ?" బోహుమిల్ అనడానికి అతనికి నోరు తిరగదు.

"మా అత్తగారు."

"నీకు దేవుడిచ్చింది అత్తగారిని కాదు గురూ, పాటని."

సెప్టెంబర్ 14

పాట తయారైంది. పేరు "కాళ్ళు తుడుచుకో చార్లీ". మాటలు ఫెన్‌విక్‌వి. చార్లీ బూట్లు చేత్తో పట్టుకుని పిల్లిలా మెట్లెక్కుతుంటాడు. పై నుంచి నా ట్రాంబోన్ పిలుస్తుంది. బ్యాండంతా వాయిద్యాలు దించి ఒక్కసారిగా అరుస్తుంది: "తుడుచుకున్నానత్తా!"

రెండో చరణంలో చార్లీ యుద్ధానికి వెళ్తాడు. ఫ్రాన్సు బురదలో నడుం దాకా కూరుకుపోయి ఉంటే ఫిరంగుల మధ్య నుంచి అదే పిలుపు. మూడో చరణంలో చచ్చిపోతాడు. హమ్మయ్య, వదిలిందనుకుంటూ స్వర్గం తలుపు తడతాడు. తలుపు తెరుచుకుంటుంది. లోపల్నుంచి అదే పిలుపు.

మూడోది రాస్తూ ఫెన్‌విక్ బల్ల గుద్దాడు. నేనూ నవ్వాను.

సెప్టెంబర్ 23

నిన్న మొదటిసారి వాయించాం. జనం డాన్సు ఆపేసి నిలబడి విన్నారు. అయిదుసార్లు అడిగారు. ఆఖరి రెండుసార్లు "తుడుచుకున్నానత్తా" హాలంతా అరిచింది.

తర్వాత ఫెన్‌విక్ నన్ను పక్కకి పిలిచాడు.

"అంతా బావుంది. చివర ఎందుకలా పైకి లేపుతావు? తిట్టే ఆడమనిషి గొంతు చివర్న దించుతుంది. నువ్వేదో అడుగుతున్నట్టు లేపుతున్నావు."

"సరే, దించుతాను" అన్నాను. దించబోయాను. గొట్టం ముందుకు తోస్తే స్వరం దిగుతుంది, వెనక్కి లాగితే లేస్తుంది. తొయ్యమని చేతికి చెప్తున్నాను. చెయ్యి లాగేస్తోంది. పదిసార్లు ప్రయత్నించాను. ఇరవయ్యేళ్ళ అనుభవం, ఒక్క స్వరం దించలేకపోయాను.

"వదిలెయ్. అక్కడే ఎక్కువ నవ్వుతున్నారు" అన్నాడు ఫెన్‌విక్.

అందుకే లేపుతున్నాను. నవ్వు కోసం.

సెప్టెంబర్ 30, ఆదివారం

మిలాదాకి జడ వేస్తున్నాను. ఆదివారం ఆ పని నాది. ఏడేళ్ళు నిండాయి, నిమిషం కుదురుగా కూర్చోదు.

"నాన్నా, అమ్మ గొంతు ఎలా ఉండేది?"

"బావుండేది."

"బావుండడం అంటే? అమ్మమ్మ గొంతులాగా?"

"అంత పెద్దగా అరిచేది కాదు."

"మరి ఎంత అరిచేది?"

"తల కదిలించకు."

తను పోయినప్పుడు దీనికి రెండేళ్ళు. దీనికి గుర్తుండే వీలు లేదు. కానీ నాకు? మిలాదా తల్లి కోటు గుండీలు గుర్తున్నాయి. ఇస్త్రీ పెట్టె తగిలి కాలిన మణికట్టు గుర్తుంది. ప్లమ్ పళ్ళ జాము కలిపేటప్పుడు గరిటె ఏ చేత్తో పట్టుకునేదో గుర్తుంది. గొంతు గుర్తులేదు. ఎంత చెవి పెట్టినా రాదు. ఒకసారి విన్న స్వరాన్ని పదేళ్ళయినా మర్చిపోని చెవి నాది, దాని మీదే బతుకుతున్నాను. ఆ ఒక్క గొంతు దగ్గర చెవుడు.

సిగ్గుగా ఉంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

అక్టోబర్ 11

రికార్డింగ్. ఈ తేదీ గురించి ఇంకేమీ రాయను.

అక్టోబర్ 12

నిన్నటి సంగతి, రికార్డింగ్ వరకు మాత్రమే.

గోడలోంచి పెద్ద గరాటు తొంగి చూస్తుంటుంది. అందరం దాని నోట్లోకే వాయించాలి. అటువైపు మైనం పళ్ళెం తిరుగుతుంటుంది. డ్రమ్ము కొడితే సూది ఎగిరిపోతుందట, అందుకని మా డ్రమ్ము వాడికి రెండు చెక్కముక్కలిచ్చి మూల కూర్చోబెట్టారు. ట్రాంబోన్ ఎప్పుడూ అందరికంటే వెనక. ఈసారి నన్ను గరాటుకి మూరెడు దూరంలో నిలబెట్టారు. పాటంతా ఆ పిలుపులోనే ఉంది కదా.

మొదటి మైనం డ్రమ్ము వాడు నవ్వడం వల్ల పోయింది. రెండోది కింద ట్రామ్ వెళ్ళడం వల్ల. మూడోది నా వల్ల. చివర పైకి లేపాను, ఆపలేదు. అలా పట్టుకునే ఉన్నాను. ఎవరో జవాబు చెప్తారని చూస్తున్నట్టు. ఫెన్‌విక్ చేతులూపుతున్నాడు, నాకు కనబడుతోంది. ఊపిరి కాస్త ఎక్కువ మిగిలింది, అంతే.

నాలుగోది నిలిచింది.

ఐదేళ్ళ కిందట అదే తేదీన నేను నౌకాదళం శిబిరంలో బ్యాండులో ఊదుతున్నాను. ఇంటికి రైల్లో గంటన్నర. జ్వరాలని గేట్లు మూసేశారు. తెరిచి నన్ను పంపేసరికి ఖననం కూడా అయిపోయింది.

ఈ నాలుగు వాక్యాలు కొట్టెయ్యాలి.

అక్టోబర్ 20

సింకు అడ్డుపడింది. రబ్బరు గిన్నె కోసం అత్తయ్య ఇల్లంతా తిరగేసింది. మిలాదా మంచం కింద కూడా చూసింది.

"కర్ర ఉంది, రబ్బరు లేదు. రబ్బరుకి కాళ్ళొచ్చాయా?"

"ఎలకలేమో" అన్నాను.

"ఈ ఇంట్లో ఎలక ఒకటే. మీసాలున్నాయి, టోపీ పెట్టుకుంటుంది" అని చేత్తోనే నీళ్ళు తోడింది.

నవంబర్ 3

జరగకూడదనుకున్నది జరుగుతోంది. పాట కాగితాలు అచ్చయ్యాయి. పియానో ఉన్న ప్రతి ఇంట్లోనూ వాయిస్తున్నారు. సందులో పిల్లలు నేర్చేసుకున్నారు. అత్తయ్య మాంసం కొట్టు నుంచి వస్తుంటే పీపాల వెనక నుంచి ఒకడు ముక్కుతో ట్రాంబోన్‌లా కూశాడట, మిగతావాళ్ళు "తుడుచుకున్నానత్తా!" అన్నారట. రెండో అంతస్తు కుచెరా గారి భార్య మెట్ల మీద ఆపి, "మీ అల్లుడు మిమ్మల్ని పాటలో పెట్టాడటగా, అదృష్టవంతులు" అందట.

అత్తయ్య బంగాళాదుంపలు తొక్క తీస్తూ అడిగింది.

"ఆ పాట ఎవరి గురించి?"

"ఎవరో ఐరిష్ అత్తగారి గురించి. ఫెన్‌విక్‌కి తెలిసినావిడ."

"మరి పిల్లలు నన్ను చూసి ఎందుకు పాడుతున్నారు?"

"పిల్లలకేం తెలుసు అత్తయ్యా."

ఆవిడ కత్తి ఆపింది. నా మొహం చూసింది. మళ్ళీ తొక్క తీసుకుంది.

నవంబర్ 5

రెండు రోజులుగా వరండా మీద నుంచి పిలుపు లేదు. కింద నుంచి చూశాను, వంటింట్లో నీడ కదులుతోంది, బయటికి రాలేదు. నా అంతట నేనే పైకెక్కి వచ్చాను. ప్రశాంతంగా ఉంది.

నవంబర్ 9

ప్రశాంతంగా ఉంది.

నవంబర్ 15

వావ్లావ్ రైలు టిక్కెట్లు పంపాడు. డిసెంబర్ పదో తారీకు. అత్తయ్యకి ఒకటి, మిలాదాకి అర టిక్కెట్టు. అత్తయ్య అటక మీద నుంచి ట్రంకు దింపి హాల్లో పెట్టింది. ఈక దుప్పట్లు రెండూ అప్పుడే అందులోకి వెళ్ళాయి.

"మీరు వెళ్ళి నాలుగు రోజులుండి రండి అత్తయ్యా. పాపను మాత్రం..."

"పాపను ఎవరు చూస్తారు? నీ పీపీనా?"

ఆవిడ ట్రంకు మూత మీద కూర్చుంది. అరవయ్యేళ్ళ మనిషి, ఇవాళ ఎనభయ్యేళ్ళలా కనబడింది.

"ఇదిగో నాయనా, పదో తారీకు దాకా టైముంది. ఈ పిల్లని ఇక్కడ ఎందుకు ఉంచాలో నాకు ఒక్క కారణం చెప్పు. ఉంచేస్తాను, వావ్లావ్‌కి నేనే రాస్తాను. ఒక్కటి చాలు. సూపు గురించి మాత్రం కాదు."

కారణం నాకు తెలుసు. నోటిదాకా వచ్చింది. ఆవిడ ఎదురు చూసింది. నేను టోపీ తీసుకుని డాన్సు హాలుకి వెళ్ళిపోయాను.

నవంబర్ 23

రికార్డు బజార్లోకి వచ్చింది. పద్దెనిమిదో వీధిలో గడియారాల కొట్టు వాడు గ్రామఫోను గరాటు వీధివైపు తిప్పి పొద్దున్నుంచి అదే వేస్తున్నాడు. జనం మూగి ఉన్నారు. నా పిలుపు నాకే వినబడి గబగబా అవతలి వైపుకి దాటాను.

మాటలు విన్నంతమాత్రాన ఎవరో ఐరిష్ అత్తగారని నమ్మచ్చు. ఆ పిలుపు ఒక్కసారి వింటే అత్తయ్యకి సందేహం ఉండదు. ఆ తర్వాత పదో తారీకు దాకా కూడా ఆగదు, పిల్లని చంకనేసుకుని ఆ సాయంత్రమే రైలెక్కుతుంది. ఎవరైనా అంతే.

అందుకని ఇవాళ్టి నుంచి కూరలు, మాంసం, రొట్టె అన్నీ నేనే తెస్తున్నాను. అత్తయ్య నా నుదురు ముట్టుకుని చూసింది, జ్వరమేమోనని.

"మనమూ గ్రామఫోను కొనుక్కుందాం నాన్నా" అంది మిలాదా.

"చెవులు పాడవుతాయి."

"నువ్వు చేసిందే కదా అందులో ఉన్నది?"

"అందుకే."

నవంబర్ 28

కారణం ఇంకా చెప్పలేదు.

డిసెంబర్ 2, ఆదివారం

నిన్న జరిగింది ఉన్నదున్నట్టు రాయాలి. వరస తప్పకుండా రాయాలి.

శనివారం మధ్యాహ్నం టీ డాన్సు ముగించుకుని ఆరింటికి ఇంటికొచ్చాను. గసగసాలు తేవడం మర్చిపోయానని మెట్ల మీద గుర్తొచ్చింది. లోపలికెళ్తే అత్తయ్య కోటూ టోపీ తియ్యకుండా వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఉంది. పక్కన మిలాదా. బల్ల మీద గసగసాల పొట్లం. పొట్లం పక్కన రికార్డు.

మా ఇంట్లో గ్రామఫోను లేదు. అయినా కొనుక్కొచ్చింది.

"నాన్నా, అమ్మమ్మ కొట్టు ముందు నిలబడి మూడుసార్లు వేయించుకుంది. మూడోసారి కొట్టాయన కుర్చీ తెచ్చి వేశాడు. అందరూ నవ్వుతుంటే అమ్మమ్మ ఏడ్చింది" అంది మిలాదా.

నేను టోపీ చేత్తో పట్టుకుని నిలబడిపోయాను. తర్వాత అంతా కక్కేశాను. అవును, మిమ్మల్నే, ఐరిష్ ఆవిడ ఎవరూ లేదు, నవ్వించాలనుకున్నాను, ఇంత దూరం వస్తుందనుకోలేదు, తప్పయింది, క్షమించండి, నా మీద కోపం పిల్ల మీద చూపించి తీసుకెళ్ళకండి. ఇంత పొడుగు మాట నేను ఆవిడతో ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆవిడ విన్నట్టు లేదు. "పీపీ తియ్యి" అంది.

"ఇప్పుడా?"

"తియ్యి."

పెట్టె తెరిచాను. ట్రాంబోన్‌తో పాటు రబ్బరు గిన్నె కూడా బయటికి రాక తప్పలేదు. అత్తయ్య దాన్ని చూసింది.

"మన సింకు రబ్బరు."

"అవునత్తయ్యా."

"ఆరు వారాలుగా చేత్తో తోడుతున్నాను." అదే గొంతుతో, "ఊదు. పాటంతా వద్దు. పిలుపొక్కటే" అంది.

ఊదాను. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నది. లేచి వెనక తలుపు తీసింది. చలి ఒక్కసారిగా లోపలికొచ్చింది. వరండా మీదకెళ్ళి, కటకటాలు పట్టుకుని, కింద ఖాళీ సందులోకి పిలిచింది.

"బోహుమిల్! కాళ్ళు తుడుచుకో!"

నెల రోజుల తర్వాత మళ్ళీ విన్నాను. పాట కట్టాక ఇదే మొదటిసారి చెవి పెట్టి వినడం. ఆవిడ లోపలికొచ్చి తలుపేసింది.

"ఏం విన్నావు?"

"చివర... దిగింది."

"నాది ఎప్పుడూ దిగుతుంది. నా గొంతుకి లేవడం చాతకాదు. మరి నీ పీపీలో చివర పైకి లేచేది ఎవరిది?"

నాకు తెలిసిపోయింది. ఆవిడ అడగడం పూర్తి కాకముందే తెలిసిపోయింది. పిండి డబ్బా మీద కూర్చున్నాను.

లీదా.

ఈ పుస్తకంలో ఈ పేరు రాయడం ఇదే మొదటిసారి. లీదా అలా పిలిచేది. నేను సందులో ఉన్నానో లేదో పై నుంచి కనబడదు, పీపాలు అడ్డం. అందుకని పిలుస్తూనే చివర్న అడిగేది, ఉన్నావా అన్నట్టు. నాకు గుర్తులేదని సిగ్గుపడ్డ గొంతు మూడు నెలలుగా నా చేతిలోనే ఉంది. హాలు నిండా జనానికి వినిపించాను. మైనం మీద గీయించాను. నాకే తెలియలేదు.

"అది పోయాక ఆ వరండాలో ఎవరూ లేకపోతే చూడలేకపోయాను. అందుకే పిలవడం మొదలుపెట్టాను" అంది అత్తయ్య. "అదెలా పిలిచేదో అలాగే పిలవాలని చూశాను. చివర రాలేదు. నువ్వేమో తిడుతున్నాననుకున్నావు."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"నువ్వెప్పుడు అడిగావు?"

నిజమే. ఐదేళ్ళు. ఒక్కసారి కూడా.

"ఆఖరి రోజు కూడా పిలిచింది" అంది ఆవిడ. మిలాదా ఉందని చూసుకుని, అయినా ఆగలేదు. "ఒళ్ళు కాలిపోతోంది. నేను నీళ్ళు తెచ్చేసరికి మంచం మీద లేదు. వరండాలో ఉంది, నైట్‌గౌనుతో. నువ్వు కింద ఉన్నావనుకుంది. రెండుసార్లు పిలిచింది. 'లేడే తల్లీ, శిబిరంలో ఉన్నాడు' అంటే నమ్మలేదు. 'పీపాల వెనక ఉన్నాడమ్మా, నాతో ఆడుతున్నాడు' అంది. నవ్వుతూనే లోపలికొచ్చింది."

నేను ఏడ్చాను. మిలాదా ముందు, అత్తయ్య ముందు, టోపీలో మొహం పెట్టుకుని ఏడ్చాను.

కాసేపటికి మిలాదా నా మోచెయ్యి లాగింది. "నాన్నా, రికార్డులో ఉన్నది అమ్మా?"

నేను అత్తయ్య వైపు చూశాను. "నన్ను చూస్తావేం? నిన్ను అడిగింది" అంది.

"అవును. మీ అమ్మ. లీదా. అలాగే పిలిచేది."

"ఇంకా?"

ఇంకా చెప్పాను. ఒకటి చెప్తే ఇంకొకటి వచ్చింది. మణికట్టు మీద కాలిన మచ్చ, గుండీల కోటు, ప్లమ్ పళ్ళ జాము, నేను పీపాల వెనక దాక్కుని పలక్కుండా ఉండడం, తను పై నుంచి నా మీద బఠాణీలు విసరడం. నాకు గుర్తున్నట్టు నాకే తెలియనివి. పొయ్యి మీద సూపు చల్లారిపోయింది, ఎవరూ వడ్డించలేదు.

మిలాదా నిద్రపోయాక అత్తయ్య కోటు విప్పి మేకుకి తగిలించింది.

"నీ డాన్సుల వల్ల కాదు నాయనా నేను వెళ్దామనుకున్నది. పాట వల్ల కూడా కాదు. తల్లి లేకపోవడం ఒకటి. తల్లి పేరే ఇంట్లో వినబడకపోవడం ఇంకొకటి. ఈ పిల్ల గోడలా పెరుగుతుందని భయమేసింది. అక్కడైతే వావ్లావ్ దాని గురించి మాట్లాడతాడు, వాడికి అదొక్కటే చెల్లెలు."

"నవ్వుతున్నారత్తయ్యా. రోజూ వందలమంది లీదాని విని నవ్వుతున్నారు."

"నవ్వనీ. దానికి నలుగుర్ని నవ్వించడం ఇష్టమే."

డిసెంబర్ 6

నిన్న హాల్లో మళ్ళీ అదే పాట. వద్దంటే ఉద్యోగం పోతుంది. వద్దనాలని కూడా అనిపించలేదు.

రెండు చరణాలు బాగానే గడిచాయి. మూడో చరణం, చార్లీ స్వర్గం తలుపు తట్టాడు. తలుపు తెరుచుకుంది. రబ్బరు మూసి తెరిచాను, పిలిచాను, చివర పైకి లేపాను. ఆపలేకపోయాను. అక్టోబర్‌లో పాడైన మూడో మైనం మీద పట్టుకున్నట్టే పట్టుకున్నాను. బ్యాండు వాళ్ళు నా వైపు చూస్తున్నారు, అరవలేదు. జనం కూడా నవ్వడం మానేశారు. ఊపిరి అయిపోయేదాకా పట్టుకున్నాను. అప్పుడు వెనక నుంచి ఎవడో తాగినవాడు "తుడుచుకున్నానత్తా!" అన్నాడు, హాలంతా పగలబడింది.

"మరీ ఎక్కువసేపు పట్టావు బో" అన్నాడు ఫెన్‌విక్.

"తెలుసు."

ఇంకేమీ అడగలేదు. మంచివాడు.

డిసెంబర్ 8

ట్రంకులోంచి ఈక దుప్పట్లు మళ్ళీ మంచాల మీదకొచ్చాయి. టిక్కెట్లు కవర్లో పెట్టి వావ్లావ్‌కి తిప్పి పంపింది. ఏం రాశారని అడిగాను. "రాలేను, ఇక్కడ సింకు చూసుకునే దిక్కు లేదని రాశాను" అంది.

డిసెంబర్ 9, ఆదివారం

మంచు పడింది. మిలాదా మధ్యాహ్నం నుంచి కింద సందులో పిల్లలతో ఆడుతోంది. అత్తయ్య పిండి ముద్దలు ఉడికించి, క్యాబేజీ దించి, "పిల్లని పిలువు, చల్లారిపోతాయి" అంది.

"మీరు పిలవండి."

"నాకు పైకి లేపడం రాదని చెప్పాను కదా."

ట్రాంబోన్ తీసుకుని వరండా మీదకెళ్ళాను. చలికి గొట్టం బిగుసుకుంది, నోటితో ఊది వెచ్చబెట్టాను. రబ్బరు పెట్టాను. ఈసారి బోహుమిల్ కాదు, చార్లీ కాదు. మి, లా, దా. చివరిది పైకి. పీపాలు అడ్డం, కింద పిల్ల ఉందో లేదో నాకు కనబడలేదు.

మిగతా పిల్లలు పాట అందుకుంటారనుకున్నాను, అందుకోలేదు. తర్వాత పీపాల వెనక నుంచి మిలాదా ఒక్కతే అరిచింది.

"తుడుచుకున్నానమ్మా!"

అత్తయ్య నా వెనక తలుపు దగ్గర నిలబడి ఉంది. నేను తిరిగి చూడలేదు, ఆవిడా పిలవలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు పైకి వచ్చేదాకా ఇద్దరం అలాగే నిలబడ్డాం.

తుడుచుకోలేదు. మూడంతస్తుల మెట్ల నిండా, వంటిల్లంతా మంచు కాళ్ళ గుర్తులే. అత్తయ్య ఒక్క మాట అనలేదు.